నిమ్మరసం కోసం పుట్టిన మీటరు

1934లో కాలిఫోర్నియా నిమ్మ రైతులకు ఒక చిక్కొచ్చింది. సంతకు పనికిరాని కాయల్ని పారబోయలేక, వాటి నుంచి పెక్టిన్, సిట్రిక్ ఆమ్లం తీసే పని పెట్టుకున్నారు. అందుకు రసం పులుపు ఎప్పటికప్పుడు తెలియాలి. నాలుక చెప్పే పులుపు చాలదు, పుస్తకంలో రాసుకునే అంకె కావాలి. రసం చెడకుండా కలిపే సల్ఫర్ డయాక్సైడేమో లిట్మస్ రంగును చంపేసేది. ప్రయోగశాలల్లో అప్పట్లో నమ్మకంగా వాడే హైడ్రోజన్ ఎలక్ట్రోడునూ పాడుచేసేది. సన్‌కిస్ట్ పేరుతో పళ్లమ్మే రైతుల సహకార సంఘంలో రసాయన నిపుణుడు గ్లెన్ జోసెఫ్. అతనికి ఇక మిగిలింది గాజు ఎలక్ట్రోడు ఒక్కటే. అది మాటిమాటికీ పగిలేది. విసిగిపోయి, ఇల్లినాయ్‌లో తనతో చదువుకున్న ఆర్నాల్డ్ బెక్‌మన్‌ను కలిశాడు. బెక్‌మన్ అప్పుడు పసడీనాలో కాల్‌టెక్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెబుతున్నాడు.

పులుపును అంకెలో చెప్పే పీహెచ్ అనే కొలమానానికి అప్పటికి పాతికేళ్లు. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ దాన్ని ప్రతిపాదించాడు. ఆ ప్రయోగశాల వెనక ఉన్నది బీరు వ్యాపారి సొమ్ము. ఎంజైముల పనితీరు ద్రావణంలోని ఆమ్లగుణాన్ని బట్టి మారిపోతుంటే, హైడ్రోజన్ అయాన్ల గాఢతను దశాంశ బిందువు తర్వాత అన్నేసి సున్నాలతో రాయలేక సోరెన్సెన్ లాగరిథమ్‌ను ఆశ్రయించాడు. అందుకే ఈ కొలమానంలో ఒక్క మెట్టు దిగితే పది రెట్లు. నీళ్ల పీహెచ్ 7 నుంచి 5కు వచ్చిందంటే ఆమ్లగుణం వంద రెట్లు పెరిగినట్టు. ఇది పట్టించుకోక ‘ఒకటి రెండు అటూఇటూ ఉంటే ఏముందిలే’ అనుకునేవాళ్లే ఎక్కువ.

గాజు సంగతి అంతకన్నా ముందే బయటపడింది. పల్చని గాజు పొరకు రెండు వైపులా వేరువేరు ఆమ్లగుణం ఉన్న ద్రావణాలుంటే, పొర మీదుగా చిన్న వోల్టేజి పుడుతుందని 1906లో మాక్స్ క్రెమర్ గమనించాడు. మూడేళ్లకు ఫ్రిట్జ్ హాబర్, క్లెమెన్‌సీవిచ్ దాన్ని లెక్కల్లోకి తెచ్చారు. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఎరువుల పరిశ్రమకు దారి వేసిన హాబరే ఇతను. మట్టికి ఎరువిచ్చిన చెయ్యీ, ఆ ఎరువు వేరుకు అందుతుందో లేదో చెప్పే పనిముట్టుకు పునాది వేసిన చెయ్యీ ఒక్కటే కావడం నాకు భలే అనిపిస్తుంది.

అయితే కొలిచే దారేదీ? పీహెచ్ ఒక మెట్టు మారితే 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర వచ్చే తేడా దాదాపు 59 మిల్లీవోల్టులు. అదేమంత తక్కువ కాదు. కానీ గాజు విద్యుత్తును దాదాపు పోనివ్వదు. దాని నిరోధం కోట్ల ఓముల్లో ఉంటుంది. గాల్వనోమీటరు ముల్లు కదలాలంటే కరెంటు కావాలి. ఇక్కడ దొరికేది ఆంపియరులో వంద కోట్లో వంతు కూడా కాదు. పిల్లకాలువ నీళ్లతో జలవిద్యుత్ కేంద్రంలోని చక్రం తిప్పబోయినట్టుండేది వ్యవహారం. కరెంటు కొంచెం పెరగాలని గాజును ఇంకా పల్చగా ఊదితే అది పగిలేది. జోసెఫ్ అవస్థ సరిగ్గా ఇదే.

బెక్‌మన్ గాజు జోలికి పోలేదు. కాల్‌టెక్‌కు తిరిగి రాకముందు బెల్ ప్రయోగశాలల్లో పనిచేసినవాడు కనుక వాక్యూం ట్యూబుల గుణం ఎరిగినవాడు. పాత వాల్వు రేడియోల్లో ఎర్రగా వెలిగేవి చూడండి, అవే. వోల్టేజిని చూడడానికి ట్యూబుకు దాదాపు కరెంటే అక్కర్లేదు. అలాంటి ట్యూబులతో యాంప్లిఫయర్ కట్టి గాజు ఎలక్ట్రోడుకు తగిలించాడు. ఇక గాజు కాస్త మందంగా, గట్టిగా ఉన్నా ఫర్వాలేదు. కొన్నాళ్లకు జోసెఫ్ మళ్లీ వచ్చి ఇంకోటి కావాలన్నాడు. మొదటి దాన్ని ప్రయోగశాలలో మిగతావాళ్లు తన చేతికి దొరకనివ్వడం లేదట! ఒక రసాయన నిపుణుడికే రెండు కావాలంటే ఇది వ్యాపారమే అని బెక్‌మన్‌కు తట్టింది.

ఎలక్ట్రోడు, ట్యూబులు, బ్యాటరీలు, చదివే ముల్లు అన్నీ ఒకే చెక్కపెట్టెలో సర్ది, 1935లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికన్ కెమికల్ సొసైటీ సభల్లో చూపించాడు. ధర 195 డాలర్లు. ఆర్థిక మాంద్యం రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. బెక్‌మన్ దంపతులు రైలెక్కి ఊరూరా తిరిగి పరికరాల వ్యాపారులకు చూపించారు. చివరికి ఫిలడెల్ఫియాలోని ఒక సంస్థ ఒప్పుకుంది. పదేళ్లలో మహా అయితే ఆరు వందలు పోతాయని దాని అంచనా. ఆ అంచనా ఎంత పొరపాటో ఎక్కువ కాలం పట్టకుండానే తేలిపోయింది. 1936లో పేటెంటు వచ్చింది. 1939లో బెక్‌మన్ ప్రొఫెసర్ ఉద్యోగం వదిలేశాడు. 2004లో నూట నాలుగేళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ చెక్కపెట్టె నేడు జేబులో పట్టే పెన్ను. అది తిరగని చోటు లేదు. భీమవరం వైపు రొయ్యల రైతు పొద్దునా సాయంత్రం చెరువు పీహెచ్ చూసుకుంటాడు. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటే సాయంత్రానికి అంకె పెరుగుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. పొద్దుటి అంకె ఒక్కటే చూసి చెరువు బాగుందనుకునేవాడు మోసపోతాడు. గంజాయిని 2018లో చట్టబద్ధం చేసిన కెనడాలో, గదుల్లో దీపాల కింద దాన్ని పెంచేవాళ్ల చేతిలోనూ ఇదే పెన్ను. మన దగ్గర 1985 నాటి చట్టం ప్రకారం అది జైలుకు పంపే నేరం కాబట్టి ఆ మొక్క సంగతి పక్కన పెట్టి నీళ్ల సంగతి చూద్దాం. టమాటా అయినా లెట్యూస్ అయినా వేరు దగ్గర జరిగేది ఒకటే.

పీహెచ్ 7 దాటి పైకి పోయేకొద్దీ ఇనుము కరగని రూపంలోకి మారుతుంది, భాస్వరం కాల్షియంతో గట్టిగా ముడిపడిపోతుంది. మరీ కిందికి దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేర్లను కాల్చేస్తుంది. సున్నపు నేలల్లో వేరుశనగ లేతాకులు ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా మారడానికి కారణం పీహెచ్ పైకి పోవడమే. అక్కడ నేలలో ఇనుము లేక కాదు, ఉన్నది అందక. అందుకే ఇనుమున్న అన్నభేదిని నేలలో వేయకుండా ఆకుల మీద పిచికారీ చేయమంటారు. మట్టిలో 6 నుంచి 7, మట్టి లేకుండా నీళ్లలో పెంచేటప్పుడు 5.5 నుంచి 6.5 మధ్య చాలా పంటలకు సుఖం.

మీటరును గుడ్డిగా నమ్మినవాళ్లు చిక్కుకునే చోటు ఇక్కడే ఉంది. బోరు నీళ్లూ, దాదాపు ఏమీ కరగని శుద్ధ నీళ్లూ రెండూ 8 చూపించవచ్చు. శుద్ధ నీళ్లను 6కు దించడానికి చుక్క ఆమ్లం చాలు. బైకార్బనేట్ నిండిన బోరు నీళ్లకు దానికి వెయ్యి రెట్లకు పైగా పట్టవచ్చు. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లు చాలావరకు ఈ రకమే. నీళ్లు ఇప్పుడెలా ఉన్నాయో మీటరు చెబుతుంది. మార్చబోతే ఎంత మొండికేస్తాయో చెప్పదు. రోజూ అవే నీళ్లు పోస్తూ పోతే నెలల్లో కుండీ మట్టి పీహెచ్ కూడా పైకెక్కుతుంది. ఆ మొండితనానికి నీటి పరీక్షలో ఆల్కలినిటీ అనే వేరే లెక్క ఉంది. నా మటుకు, కొత్తగా బోరు వేసినవాడు ముందు చూసుకోవాల్సింది ఆ లెక్కే.

సేంద్రియంగా పెంచేవాళ్లు మట్టిలో ప్రాణం ఉంటే మీటరు అక్కర్లేదంటారు. అందులో సగం నిజమే. కంపోస్టు మంచి బఫర్. అంకెను తొందరగా కదలనివ్వదు. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు తమంతట తామే కొంత ఆమ్లం వదులుతాయి. కానీ నీళ్ల పీహెచ్ దించడానికి నిమ్మరసమో వెనిగరో కలిపితే ఆ సూక్ష్మజీవులే దాన్ని తినేస్తాయి, అంకె మళ్లీ పైకొస్తుంది. ఇది కళ్లబడాలంటే మీటరు కావాల్సిందే.

మీటరు చదివేది పీహెచ్‌ను కాదు, గాజు మీది వోల్టేజిని. దాన్ని పీహెచ్‌గా తర్జుమా చేసేది మీరు ముంచి చూపించే బఫర్ ద్రావణాలు. గాజు కాలం గడిచేకొద్దీ ముసలిదవుతుంది, ఎండితే మొద్దుబారుతుంది. అందుకని పెన్ను కొనేటప్పుడే 7, 4 బఫర్లు కూడా కొనండి. పెన్ను కొసనున్న గాజు బల్బును ఎండనివ్వకండి, డిస్టిల్డ్ వాటర్‌లో మాత్రం ఉంచకండి. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచండి. 7 బఫర్‌లో సరిగ్గా 7 చూపించని పెన్నును ముందు సరిచేయండి, అంతవరకూ అది చెప్పిన అంకెను చూసి డ్రమ్ములో యాసిడ్ పోయకండి.