అంతర్జాలంలో పుటగుర్తులు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీపరీక్షలకు చదివే విద్యార్థి, ఆగిన పుటలో కాగితపు ముక్క ఉంచుతాడు. అంతర్జాలంలో ఆ పని చేసేది బుక్‌మార్క్. 2003లో జాషువా షాక్టర్ నెలకొల్పిన డెలిషియస్, ప్రతి గుర్తుకూ పాఠకుడే తనకు తోచిన పేర్లు తగిలించే వీలు కల్పించింది. వీటినే ట్యాగులంటారు. గ్రంథాలయపు అరలో ఒక ప్రతికి ఒకటే చోటు. ట్యాగులకు ఆ నిర్బంధం లేదు. కాకతీయుల చెరువులపై వ్యాసం 'చరిత్ర'లోనూ, 'నీటిపారుదల'లోనూ దొరుకుతుంది. అయితే ఒకరు 'చెరువు' అనీ, మరొకరు 'తటాకం' అనీ పేరిడితే సగం సమాచారం కంటబడదు. పదాలను ఏకరూపం చేసే గ్రంథపాలకుని నేర్పు ఇక్కడే అవసరం.

పైగా బుక్‌మార్క్ దాచేది చిరునామానే గాని పుటను కాదు. డెలిషియస్‌లో కొత్త గుర్తుల చేర్పు 2017లో ఆగిపోయింది. పాకెట్ అనే సేవ 2025 జూలైలో మూతపడగా, గడువులోగా జాబితాను తమ కంప్యూటరులోకి దించుకొన్నవారికే ఆ గుర్తులు దక్కాయి.