ఉప్పు మారిన 300 ఊళ్లు

మామిడికాయ టెంక కట్టే రోజులొస్తే మా కొట్లో కల్లుప్పు బస్తా నిలవదు. వడ్లమూడిలో ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఎవరింట్లో ఎన్ని కాయల ఆవకాయ పెడుతున్నారో వాళ్లు కొన్న ఉప్పుని బట్టి చెప్పగలను. అదే కొట్లో కూర్చుని ఉప్పు తూచిన మా నాన్నకి అరవై రెండో ఏట పక్షవాతం వచ్చింది. కాటా పట్టిన చెయ్యే పడిపోయింది. నాకూ యాభై దాటాక బీపీ పట్టుకుంది. తెనాలిలో డాక్టరుగారు మాత్ర రాసి, "ఉప్పు తగ్గించండి" అన్నారు. ఉప్పు అమ్ముకునే వాడితో చెప్పారా మాట!

తగ్గించాను. పది రోజులు. "పప్పులో ఉప్పు తగ్గిస్తే రెండు ముక్కలు ఆవకాయ ఎక్కువ వేసుకుంటున్నారు, మజ్జిగలో సరేసరి. ఇంకెందుకండీ ఈ తగ్గింపు?" అని మా ఆవిడ నిలదీసింది. సమాధానం లేదు నా దగ్గర.

మా ఊరి యూనివర్సిటీలో ఫార్మసీ చదివే కుర్రాడొకడు సాయంత్రాలు కొట్టుకి వస్తుంటాడు. ఓ రోజు బిస్కట్లు తీసుకుంటూ, "బాబాయ్, నీ ఉప్పు మీద అమెరికా పత్రికలో పెద్ద వ్యాసం ఉంది, చూశావా?" అని ఫోను చూపించాడు. ఆ పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్. 1812లో బోస్టన్‌లో పుట్టింది. ఒక్క జబ్బుకో, ఒక్క అవయవానికో కట్టుబడకుండా వైద్యం మొత్తాన్నీ చూసే పత్రికల్లో పేరుమోసినది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన మందుని సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948లో రాసింది ఇందులోనే. ఈ సంగతి కూడా కుర్రాడే చెప్పాడు. సుబ్బారావుగారి పేరు వినేసరికి నేను కాటా పక్కన పెట్టాను.

వ్యాసం 2021లో వచ్చింది. ఉత్తర చైనాలో 600 పల్లెలు, 20,995 మంది మనుషులు. అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా 60 దాటి బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు. సగం పల్లెలకి మామూలు ఉప్పే. మిగతా సగానికి వేరే ఉప్పు ఇచ్చారు. అందులో నూటికి 75 పాళ్లు మనం తినే సోడియం క్లోరైడు, 25 పాళ్లు పొటాషియం క్లోరైడు. దాదాపు అయిదేళ్లు గమనించారు.

ఇక్కడ నాకు నచ్చిన కిటుకు ఒకటుంది. లాటరీ వేసింది మనుషుల మధ్య కాదు, ఊళ్ల మధ్య. ఒకే ఊళ్లో ఈ ఇంటికొక ఉప్పు, ఆ ఇంటికొక ఉప్పు ఇస్తే ఏమవుతుందో కొట్టు నడిపేవాణ్ణి నన్నడగాలి. పొరుగింటావిడ గిన్నె పట్టుకుని వస్తుంది. దీపాలు పెట్టాక ఉప్పు ఇవ్వకూడదని, నేరుగా చేతికి ఇవ్వకూడదని మన వాళ్లకి పట్టింపులున్నా పగటిపూట గిన్నెలు తిరుగుతూనే ఉంటాయి. వారం తిరిగేసరికి రెండు ఉప్పులూ కలిసిపోయి ఎవరు ఏది తిన్నారో తేలదు. ఊరంతటికీ ఒకటే ఉప్పయితే ఆ తంటా ఉండదు.

ఇంకోటి. మనిషికి రోజుకి 20 గ్రాముల లెక్కన ఉచితంగా ఇచ్చారు. నలుగురున్న ఇంటికి నెలకి దాదాపు రెండున్నర కిలోలు! ఆవకాయ నెల తప్పిస్తే మా ఊళ్లో అంత ఉప్పు ఏ ఇల్లూ కొనదు. చైనా పల్లెల్లోనూ కూరగాయలు ఊరబెట్టుకుంటారు, వాటికీ సరిపోవాలని అంత ఇచ్చారు. వంట మార్చుకోమనలేదు, కాస్త పొదుపుగా వేసుకోమన్నారు. ముఖ్యంగా చేసింది డబ్బాలో ఉప్పు మార్చడమే.

సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. దాంతో రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. పొటాషియం ఆ సోడియాన్ని మూత్రంలోకి తోసేయడానికి మూత్రపిండాలకి సాయపడుతుంది, నాళాల గోడల్ని కాస్త వదులు చేస్తుంది. అంటే కొత్త ఉప్పు ఒకటి తగ్గించి రెండోది పెంచుతుంది.

ఫలితం చూస్తే పై బీపీ తగ్గింది మూడు పాయింట్ల పైచిలుకే. మా ఇంట్లో మిషను రెండుసార్లు కడితే అంత తేడా దానంతటదే చూపిస్తుంది. కానీ పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలు 12 శాతం తగ్గాయి. శాతాలు విని పొంగిపోవద్దు, వెయ్యికెంతో చూడమన్నాడు కుర్రాడు. మామూలు ఉప్పు ఊళ్లలో ఏడాదికి వెయ్యి మందికి సుమారు 34 పక్షవాతాలు వస్తే, కొత్త ఉప్పు ఊళ్లలో 29. ఏడాదికి వెయ్యిమందిలో నాలుగైదు తగ్గాయన్నమాట. చిన్న లెక్కేనంటారా? ఆ నలుగురిలో ఒకరు మా నాన్న అయ్యుంటే నాకు చిన్నది కాదు.

చైనా తిండి వేరు, మన తిండి వేరు అనేవాళ్లకి సిద్దిపేట సంగతి చెప్పాలి. అక్కడి 7 పల్లెల్లో బీపీ ఉన్న 502 మందికి ఇలాంటి పరీక్షే పెట్టారు, 2021లోనే అచ్చయింది. ఏ పాకెట్‌లో ఏ ఉప్పుందో తిన్నవాళ్లకీ తెలియదు, ఇచ్చినవాళ్లకీ తెలియదు. మూడు నెలల్లో పై బీపీ 4.6 పాయింట్లు తగ్గింది. మనం తినేది తక్కువేం కాదు. 24 గంటల మూత్రం పట్టి కొలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి రోజుకి సగటున 9.5 గ్రాముల దాకా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాముల లోపే ఉండమంటుంది. పైగా పడమటి దేశాల వాళ్లకి ఉప్పు చాలావరకు బ్రెడ్డులో, డబ్బా తిండిలో దాక్కుని వస్తుంది. మనకి ఎక్కువగా వచ్చేది వంటింటి డబ్బాలోంచే. మార్చాల్సిందీ ఆ ఒక్క డబ్బానే.

మరి అందరూ వాడొచ్చా? వాడకూడదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లోంచి పొటాషియం సరిగా బయటికి పోదు, అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. చైనాలో అలాంటి జబ్బు ముదిరినవాళ్లని మొదటే పక్కనపెట్టారు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి వంటకి ఈ ఉప్పు మంచిదని చెబుతూనే గర్భిణుల్ని, పిల్లల్ని, మూత్రపిండాల జబ్బున్నవాళ్లని మినహాయించింది. నేను బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని కాస్త నిలబెట్టే మాత్రేనట. అందుకే డాక్టరుగారు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి, కాగితం చూశాకే సరేనన్నారు.

కొట్లోకి పది పాకెట్లు తెప్పించాను. మామూలు ఉప్పు కన్నా ధర ఎక్కువ. చైనాలో ఊరికే ఇచ్చారు కాబట్టి దాదాపు అందరూ వాడారు. ఇక్కడ కూలిపని చేసుకునేవాళ్లు ధర చూసి మళ్లీ అరలోనే పెట్టేస్తున్నారు. బీపీ వాళ్లకీ ఉంది. రేషన్ కొట్లో ఇస్తే తప్ప ఇది వాళ్లింటికి చేరదని నా లెక్క. మా ఇంట్లో మాత్రం వంట డబ్బాలో ఇదే. నాలుక చివర ఓ పిసరు చేదు తగిలినట్టుంటుంది, పులుసులో తెలియదు. ఆవకాయ జోలికి మాత్రం రావద్దంది మా ఆవిడ.

మొన్న ఒకాయన వచ్చి, "బీపీ ఉప్పంట, ఒక పాకెట్ ఇవ్వు అన్నా, మా అమ్మకి" అన్నాడు. అమ్మకి ఎలా ఉందని అడిగాను. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాడట. తీసిన పాకెట్ మళ్లీ అరలో పెట్టేశాను. ఎందుకివ్వనో చెప్పి, డాక్టర్ని అడక్కుండా ఎక్కడా కొనొద్దన్నాను. అరకిలో కందిపప్పు కట్టించుకుని వెళ్లాడు.