మట్టి మిద్దె నుండి నానో కాంక్రీటు వరకు

అనంతపురము జిల్లాలో బళ్ళారికిని గుంతకల్లుకును నడుమ విడపనకల్లు అను ఊరు కలదు. ఈ కరవు సీమలో సాలుకు కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఇట్టిచోట్ల పూర్వులు మట్టి మిద్దెలు కట్టుకొనెడివారు. దూలములపై కొయ్యలు పరచి, మట్టిని దట్టముగా వేసి, పైన చవుటి మన్ను పోసెడివారు. నేడు వాని స్థానమున కాంక్రీటు కప్పులు వచ్చినవి. వీనికి చెదల బాధ లేదు. ఏటేట చవుడు పోయు పని లేదు. కాని పగలు త్రాగిన ఎండను కాంక్రీటు రాత్రివేళ ఇంటిలోనికి విడుచును. అందుచేత ఇంటిల్లిపాదియు ఆరుబయట పండుకొనవలసి వచ్చును.

కప్పు చల్లగా ఉండవలెను, పదికాలములపాటు నిలువవలెను. ఈ రెండు కోరికలను నానో పదార్థములు తీర్చగలవా?

వేడి లోనికి వచ్చు తీరు

ఒక పదార్థము గుండా ఉష్ణము ఎంత సులభముగా సాగునో తెలుపు సంఖ్యను ఉష్ణవాహకత అందురు. మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లని దీనిని చెప్పుదురు. కాంక్రీటుకు ఇది సుమారు 1.6, మట్టికి సుమారు 0.75, కదలని గాలికి 0.026 మాత్రమే. మందమును వాహకతతో భాగించినచో ఆ పొర వేడికి ఇచ్చు ఎదురు తెలియును. 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలక ఎదురు 0.06 మాత్రమే. 30 సెంటీమీటర్ల మట్టికప్పు ఎదురు 0.4. అనగా పాత మిద్దె ఆరు రెట్లకు పైగా వేడిని అడ్డగించెడిది. తాతల నాటి ఇల్లు చల్లగా ఉండెడిదన్న మాట వట్టి అభిమానము కాదు.

కాంక్రీటు పాడగుటకు కారణము

సిమెంటు నీటితో కలిసినప్పుడు రెండు ముఖ్యపదార్థములు పుట్టును. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అను జిగురు; కాంక్రీటుకు బలమిచ్చునది ఇదియే. రెండవది తడిసున్నము. ఇది బలమునకు అంతగా తోడ్పడదు. మిగిలిన నీరు ఆవిరి కాగా సన్నని రంధ్రములు ఏర్పడును. వీని గుండా ఉప్పునీరు లోనికి చేరి ఉక్కుకడ్డీలకు తుప్పు పట్టించును. తుప్పు ఉక్కుకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక కాంక్రీటు పగిలి పెచ్చులూడును. చవుటినేలలు, ఉప్పుబావులు గల సీమలో ఇది చిన్న సంగతి కాదు.

నానో సిలికా

నానోమీటరు అనగా మీటరులో నూరు కోట్లవ వంతు. మన వెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఒక సెంటీమీటరు భుజము గల ఘనమునకు ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 10 నానోమీటర్ల ఘనములుగా కోసినచో మొత్తము ఉపరితలము 600 చదరపు మీటర్లగును. అనగా సుమారు పదిహేను సెంట్ల నేల! రసాయనచర్య జరుగునది ఉపరితలము మీదనే. కావున ఇంత సన్నని సిలికా కాంక్రీటులోని తడిసున్నముతో త్వరగా కలిసి, దానిని కూడ జిగురుగా మార్చును, రంధ్రములను పూడ్చును. సిమెంటు బరువులో నూటికి 1 నుండి 3 వంతులు కలిపిన చాలును.

ఈ చర్య మనకు క్రొత్త కాదు. ఇటుకపొడిని సున్నములో కలిపి చేసిన సుర్కీ గారలో జరుగునది ఇదియే. అనంతపురము జిల్లాకు ఎగువ కాలువ ద్వారా నీరిచ్చు తుంగభద్ర ఆనకట్ట కట్టుబడిలో సుర్కీ వాడబడినది. ఇటుకపొడి నెమ్మదిగా చేయు పనిని నానో సిలికా వేగముగా చేయును.

గాలిని బంధించు పదార్థము

అయితే ఇచట ఒక చిక్కు కలదు. రంధ్రములు పూడిన కాంక్రీటు గట్టిపడును గాని వేడిని ఆపదు. వేడిని ఆపునది గాలి. గాలిని చేర్చినచో బలము తగ్గును. కాబట్టి ఒకే పదార్థముతో రెండు పనులు జరుగవు.

1931లో శామ్యూల్ కిస్ట్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఏరోజెల్ అను పదార్థమును ప్రకటించెను. జిగటగానున్న జెల్ నుండి ద్రవమును తొలగించి, దాని చట్రము కూలకుండ గాలిని నింపుటయే ఆయన ఉపాయము. సిలికా ఏరోజెల్‌లో నూటికి 90 వంతులకు పైగా గాలియే. దాని రంధ్రములు కొన్ని పదుల నానోమీటర్ల వెడల్పు గలవి. గాలిలో ఒక అణువు మరియొక అణువును తాకుటకు ముందు సుమారు 70 నానోమీటర్లు పయనించును. రంధ్రము అంతకంటె చిన్నదైనచో అణువులు ఒకదానినొకటి తాకుటకంటె గోడలనే ఎక్కువగా తాకును, వేడిని చేరవేయలేవు. అందుచే ఏరోజెల్ వాహకత గాలికంటె కూడ తక్కువ: 0.015 ప్రాంతము.

ఏరోజెల్ గుళికలు కలిపిన గార వాహకత 0.03 ఉండునట్లు చేయవచ్చును. అట్టి గారను కప్పుపై 2 సెంటీమీటర్లు పూసినచో దాని ఎదురు 0.67. కాంక్రీటు పలక ఎదురుకు ఇది పదిరెట్లు. మట్టిమిద్దెను కూడ మించినది. ఇట్లు బరువు మోయు పలకకు నానో సిలికా, ఎండను అడ్డు పొరకు ఏరోజెల్ అని పని పంచుకొనుట యుక్తము.

అవరోధములు

ఏరోజెల్ ఖరీదైనది, పెళుసైనది. గారపై నీరు ఇంకని మరియొక పూత అవసరము. నానో సిలికా రేణువులు ఉండలు కట్టును. బాగుగా విడిపోనిచో లాభమునకు బదులు నష్టము. అవి నీటిని ఎక్కువగా పట్టుకొనుటచే కాంక్రీటు బిగుసుకొనును. దానిని పలుచన చేయు రసాయనమును కలుపవలెను. పొడిని ముక్కుతో పీల్చరాదు. ధర తగ్గించుటకు వరిపొట్టు బూడిద నుండి సిలికా తీయు ప్రయత్నములు జరుగుచున్నవి. ఆ బూడిదలో నూటికి 85 వంతులకు పైగా సిలికాయే.

అన్నింటికంటె ముఖ్యమైనది నీరు. భారతీయ ప్రమాణము ప్రకారము వేడి పొడిగాలి గల చోట్ల కాంక్రీటును కనీసము 10 రోజులు తడిపి ఉంచవలెను. ఉక్కు గల కాంక్రీటుకు వాడు నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదు. బావినీటిని పరీక్షింపక, పలకను రెండు దినములు తడిపి విడిచినచో ఏ నానో పదార్థమును ఆ కప్పును కాపాడజాలదు. కరవు సీమలో తడిగోనెలు కప్పి, ఆ నీరు ఆరిపోకుండ చూచుట అన్నిటికంటె చౌకయైన ఉపాయము. సూక్ష్మరేణువు చేయు మేలు ఆ తరువాతనే.