నదీతీరపు విడిదిలో దీపపు పురుగులు

కార్తికమాసములో వ్యానునో, చిన్న బస్సునో మాట్లాడుకొని కుటుంబసమేతముగా హంసలదీవికి పోయి, సాగరసంగమమున స్నానము చేసి, రాత్రి ఆ వాహనములోనే పడుకొని వచ్చుట కృష్ణాతీరము వారికి క్రొత్త కాదు. పుష్కరాలకు సరేసరి. 2016లో కృష్ణా పుష్కరాలు ఆగస్టు 12 నుండి 23 వరకు, అనగా వానల నడుమ జరిగినవి. తిరిగి 2028లో రానున్నవి. ఇట్టి ప్రయాణములకు ముందు అజీర్ణమునకు, జలుబుకు మందులడిగి తీసికొనిపోవువారు పలువురు. పురుగులను గూర్చి అడుగువారు అరుదు. రాత్రి నిద్ర చెడగొట్టునవి మాత్రము అవియే.

డెల్టాలో కార్తికమునకు వరిచేలు ఈనియుండును. పచ్చ దీపపు పురుగులు, కంపునల్లులు, వాన వెలిసిన సాయంత్రములందు ఉసిళ్ళు దీపమున్న చోటికి మూగును. వీనిలో అధికభాగము మనకు హాని చేయనివే. దీపమును చూచి వచ్చునవి గనుక ఉపాయము దీపములోనే ఉన్నది, మందులో లేదు. వాహనము తలుపు తెరచుటకు ముందు లోపలి దీపము ఆర్పవలెను. తెల్లని దీపముకంటె పసుపు దీపమునకు పురుగు తక్కువగా వచ్చును. పదిహేను గజముల దూరమున వేరొక దీపము పెట్టి, దానిక్రింద పళ్ళెములో సబ్బునీరు ఉంచినచో చాలవరకు అందులో పడును. వంట, భోజనము ప్రొద్దుండగానే ముగించుట అన్నిటికంటె మేలు.

ఈ గుంపులో ఒకటి మాత్రము ప్రత్యేకముగా గుర్తింపదగినది. చీమవలె సన్నగా, అరంగుళమునకు తక్కువ పొడవు. తల నలుపు, మెడ నారింజ, నడుమున నీలినలుపు పట్టీ, తోక కొన నలుపు. ఇది కుట్టదు, కరవదు. చేలలో దోమపోటు పురుగులను తిని రైతునకు ఉపకారమే చేయును. కాని మెడమీద ప్రాకినప్పుడు మనము అరచేతితో నలిపితిమా, దాని దేహద్రవము చర్మమును కాల్చును. వెంటనే ఏమియు తెలియదు. మరునాడు కొరడాతో కొట్టినట్లు ఎఱ్ఱని చాలు, మంట, నీటిపొక్కులు లేచును. సర్పి లేచినదనియు, సాలెపురుగు ప్రాకినదనియు భయపడి వచ్చువారిని ప్రతి సంవత్సరము చూచుచున్నాను. కనుక నలుపరాదు, ఊదివేయవలెను. నలిగినచో తక్షణమే సబ్బుతో, ధారాళమైన నీటితో కడుగవలెను. ఆ చేతితో కన్ను తాకరాదు. పొక్కులు చిదుపక, చల్లని తడిగుడ్డ వేసి, శతధౌతఘృతము పలుచగా పూసినచో మంట శమించును. పది పదిహేను దినములలో మానును, మచ్చ కొంతకాలముండును. కంటికి తగిలినచో గృహవైద్యము పనికిరాదు, నేత్రవైద్యునే చూడవలెను.

చెవిలో పురుగు దూరుట మరియొక బాధ. పుల్లలు, పిన్నులు పెట్టరాదు. పురుగు లోనికే పోవును. తల ప్రక్కకు వంచి, గోరువెచ్చని కొబ్బరినూనె నాలుగైదు చుక్కలు వేసినచో పురుగు చచ్చి నొప్పి ఆగును. పూర్వము చెవి కారినవారు, కర్ణభేరికి రంధ్రమున్నవారు ఇదియు చేయరాదు.

ఇక దోమలు. మలేరియా, మెదడువాపు, బోదకాలు వీని వలననే గనుక తేలికగా తీసికొనరాదు. సుశ్రుతుడు వ్రణరోగి కొఱకు గుగ్గులు, అగరు, సర్జరసము, వస, తెల్లావాలు, ఉప్పు, వేపాకు, నేయి కలిపి ధూపము చెప్పెను. సాయంసంధ్యవేళ వేపాకు, గుగ్గులు బొగ్గులపై వేసి వాహనము బయట ధూపము వేయవచ్చును. అయినను వైద్యునిగా చెప్పుచున్నాను, ఏ ధూపమును దోమతెరకు సాటి రాదు. కిటికీలకు సన్నని వల బిగించి, లోపల తెర కట్టుకొనుడు.

తలుపులు మూసిన వాహనములో నిప్పులకుంపటి ఉంచి నిద్రించుట మాత్రము ఎన్నటికిని తగదు. ఆ బొగ్గులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణము తీయును. పొగతో పురుగు పోవునని పిల్లలను ప్రక్కన పడుకోబెట్టుకొని అట్లు చేయువారున్నారు. రెండేండ్లలోపు శిశువులకు కర్పూరము కలిపిన నూనెయు పూయరాదు. అది నోటిలోనికి పోయినచో మూర్ఛ కలుగవచ్చును. వారికి నిండుచేతుల నూలుచొక్కా, తెర చాలును.