మొదటి అట్టు

అమ్మ అట్లు పోసేటప్పుడు మీరెప్పుడైనా పక్కన నిలబడి చూశారా? మొదటి అట్టు చాలాసార్లు పెనానికి అంటుకుపోతుంది. అంచులు చిరుగుతాయి, మధ్యలో పచ్చిగా ఉంటుంది. అయినా అమ్మ పిండి గిన్నె పారబొయ్యదు. పెనం ఎంత వేడెక్కింది, నూనె సరిపోయిందా, పిండి జారుగా ఉందా గట్టిగా ఉందా అన్నవి ఆ అట్టుతోనే తెలుసుకుంటుంది. రెండోది గుండ్రంగా లేచి వస్తుంది.

ఈ సంగతి మాకు పోయిన దసరా సెలవుల్లో అవసరపడింది. మన డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రావణ దహనం జరిగే మైదానం అందరికీ తెలుసు. పండగ అయిపోయి మైదానం ఖాళీ అయ్యాక, తెలుగు పిల్లలం ఆరుగురం కలిసి అక్కడ ఫోనుతో ఒక చిన్న సినిమా తీశాం. నిడివి తొమ్మిది నిమిషాలు. నాన్నకు బదిలీ అయిన అబ్బాయి కథ. తీసేటప్పుడు గొప్పగా అనిపించింది. ఇంటికి వచ్చి చూసుకుంటే మాటలకన్నా గాలి హోరే ఎక్కువ వినిపించింది. అసలు డైలాగు దగ్గర గూడ్సు బండి కూత పడింది. ఒక సీనులో చొక్కా నీలం, తర్వాతి సీనులో ఎరుపు. కెమెరా పట్టిన మా మిత్రుడికి ఏడుపొక్కటే తక్కువ. "ఎవరికీ చూపించొద్దు, తీసెయ్యండి" అన్నాడు. ఆ వారమే వాళ్ళ నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చింది. మేం ఆరుగురం కలిసి చేసిన పని అదొక్కటే.

అప్పుడు మాలో ఒకరి మావయ్య అన్నారు: "తీసేద్దురు గానీ, ముందు రాజమౌళి మొదటి సినిమా చూడండిరా." చూశాం. చూసి మేం తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఎస్.ఎస్. రాజమౌళి పేరు తెలియని వారు మనలో ఉండరు. 'బాహుబలి', 'ఆర్ఆర్ఆర్' సినిమాలు ఈ రాయపూర్‌లో మన హిందీ, ఛత్తీస్‌గఢీ స్నేహితులు కూడా ఎగబడి చూశారు. ఆయన 1973 అక్టోబరు 10న కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో పుట్టారు. పెరిగింది గోదావరి ఒడ్డున కొవ్వూరులో. అంటే ఆయన కూడా మనలాగే ఒకచోట పుట్టి ఇంకోచోట పెరిగినవారే. సినిమా పని ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు గారి దగ్గర శిష్యరికంతో నేర్చుకున్నారు. తర్వాత దర్శకుడు కె. రాఘవేంద్రరావు గారి పర్యవేక్షణలో ఈటీవీకి 'శాంతినివాసం' సీరియల్ తీశారు. ఇంత సాధన చేశాకే, 2001 సెప్టెంబరు 27న ఆయన తొలి సినిమా 'స్టూడెంట్ నెంబర్ 1' విడుదలైంది. అప్పటికి దర్శకుడికి 27 ఏళ్లు, హీరో జూనియర్ ఎన్టీఆర్‌కు 18 ఏళ్లు.

సినిమా బాగానే ఆడింది. అయినా 'బాహుబలి' తీసిన చెయ్యే దీన్నీ తీసిందా అనిపిస్తుంది. కాలేజీలో హాస్యం కోసం పెట్టిన సీన్లు చాలావరకు కథను ముందుకు నడపవు. పాటలు కథ పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. రౌడీ విద్యార్థులు, ఫైట్లు ఆ రోజుల్లో వచ్చిన ఎన్నో సినిమాల్లో చూసినవే. తొలి సినిమాను రాజమౌళి గారు కూడా తన గొప్ప పనిగా ఎప్పుడూ చెప్పుకోలేదు.

కానీ అందులో ఒక చోట మేం ఆరుగురం ఒకేసారి లేచి కూర్చున్నాం. హీరో విశాఖపట్నంలో లా కాలేజీ విద్యార్థి. పగలంతా అందరితో నవ్వుతూ తిరుగుతాడు. సాయంత్రం ఎక్కడికి వెళతాడో ఎవరికీ తెలియదు. ఇంటర్వెల్ దగ్గర మనకు తెలుస్తుంది, అతను వెళ్లేది ఇంటికి కాదు, జైలుకని. అతనొక ఖైదీ! ఇంత మంచివాడు జైల్లో ఎందుకున్నాడు? జైల్లో ఉన్నవాడు లా ఎందుకు చదువుతున్నాడు? ఈ ప్రశ్నలకు జవాబు తెలిసేదాకా కుర్చీ వదలబుద్ధి కాదు. జవాబు తండ్రీ కొడుకుల మధ్య ఉంటుంది. అక్కడ సినిమా నిజంగా గుండెను తాకుతుంది.

ఇక్కడే మొదటి పాఠం దొరికింది. ఎంత లోపాలున్న తొలి పనిలోనైనా బతికున్న ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని గుర్తుపట్టాలి. ప్రేక్షకుడి మనసులో ఒక ప్రశ్న నాటి, జవాబును దాచి ఉంచడం రాజమౌళి గారి తొలి సినిమాలో బతికున్న ముక్క. దాన్ని ఆయన వదల్లేదు. 2003 జూలై 9న వచ్చిన రెండో సినిమా 'సింహాద్రి'లో హీరో గతం ఏమిటన్న ప్రశ్నను ఇంకా బలంగా పెట్టారు. 2015 జూలై 10న వచ్చిన మొదటి 'బాహుబలి'ని కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న దగ్గరే ఆపేశారు. జవాబు 2017 ఏప్రిల్ 28న, రెండో భాగంలో దొరికింది. తొలి సినిమాలో ప్రేక్షకుణ్ణి ఒక ఇంటర్వెల్ సేపు ఆపిన ప్రశ్న, పద్నాలుగేళ్ల తర్వాత దేశాన్నంతా దాదాపు రెండేళ్లు ఆపింది. ఉపాయం పాతదే, చెయ్యి తిరిగింది.

రెండో పాఠం: చప్పట్లు లోపాలను కప్పేస్తాయి. సినిమా ఆడింది కదా, మళ్లీ అలాంటిదే తీద్దాం అనుకోవడం సులువు. స్కూల్ డే నాడు మన పాటకు అందరూ చప్పట్లు కొడితే, శ్రుతి తప్పిన చోటు మనకొక్కరికే తెలుస్తుంది. ఆ తెలిసినదాన్ని మరిచిపోకపోవడమే ముందుకు వెళ్లే దారి. మార్కులు వచ్చాయి కాబట్టి వ్యాసం బాగుందని కాదు.

మూడో పాఠం: తోటివారిని పోగొట్టుకోకూడదు. తొలి సినిమాకు సంగీతం ఇచ్చిన కీరవాణి గారే ఆ తర్వాత రాజమౌళి గారి సినిమాలన్నిటికీ సంగీతం ఇచ్చారు. 2023 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' పాటకు కీరవాణి, చంద్రబోస్ గార్లు ఆస్కార్ అందుకున్నారు. ఆ పాటకు చిందేసిన ఇద్దరు హీరోల్లో ఒకరు తొలి సినిమాలోని ఆ 18 ఏళ్ల కుర్రాడే.

మరి తొలి పని ఆడకపోతే? అప్పుడేం చెయ్యాలో సింగీతం శ్రీనివాసరావు గారిని చూసి నేర్చుకోవచ్చు. ఆయన 'మాయాబజార్' (1957) తీసిన కె.వి. రెడ్డి గారి దగ్గర పని నేర్చుకున్నారు. అంత గొప్ప గురువు దగ్గర నేర్చుకున్నా, 1972లో తీసిన తొలి సినిమా 'నీతి నిజాయితీ' ఆడలేదు. ఆయన ఆగిపోలేదు. తెలుగులో తలుపు మూసుకుంటే తమిళంలో తట్టారు. రాజాజీ రాసిన కథతో 1974లో 'దిక్కట్ర పార్వతి' తీసి జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ తర్వాత కన్నడంలోనూ తీశారు. చివరికి 1987లో అసలు మాటలే లేని 'పుష్పక విమానం' తీశారు. దాన్ని ఏ భాష వాళ్లైనా చూసి నవ్వుకోవచ్చు. మూడేళ్లకోసారి ఊరు మారి, కొత్త భాషలో మళ్లీ అ ఆ ల దగ్గర మొదలుపెట్టే మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది? భాష మారినప్పుడల్లా ఆయన చేతిలోని పని పదునెక్కింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఒకటుంది. అమెరికాకు చెందిన స్టాన్లీ కుబ్రిక్ ప్రపంచంలోని గొప్ప దర్శకుల్లో ఒకరు. 1953లో ఆయన తొలి సినిమా 'ఫియర్ అండ్ డిజైర్' వచ్చింది. ముందు శబ్దం లేకుండా తీసి, తర్వాత మాటలు చేర్చడంతో ఖర్చు తడిసి మోపెడైంది. పెద్దయ్యాక ఆయనకు ఆ సినిమా అంటే ఎంత సిగ్గంటే, ఎవరి కంటా పడకుండా చెయ్యాలని చూశారు. అయినా ప్రతులు మిగిలాయి. ఇప్పుడు సినిమా నేర్చుకునేవారు దాన్ని వెతికి మరీ చూస్తారు. అంత పెద్దాయన కూడా తడబడుతూనే మొదలుపెట్టారని తెలిస్తే వాళ్లకు ధైర్యం వస్తుంది. సిగ్గుపడటం తప్పు కాదు. మన కంటి చూపు మన చేతికన్నా ముందు ఎదిగితేనే సిగ్గు పుడుతుంది. దాచెయ్యకుండా చెయ్యికి కూడా ఎదిగే సమయం ఇవ్వాలి.

ఇదంతా చదివి, చూసి, మేం మా తొమ్మిది నిమిషాల సినిమాను మళ్లీ పెట్టుకున్నాం. ఈసారి కాగితం మీద రెండు గళ్లు గీసుకుని కూర్చున్నాం. ఒక గడిలో తప్పులు: గాలి, రైలు కూత, చొక్కా, అవసరం లేని రెండు సీన్లు. రెండో గడిలో బతికున్న ముక్క. మొదటి గడి నిండిపోయింది. రెండో గడిలో చాలాసేపు ఏమీ లేదు. చివర్లో ఒక షాటు కనిపించింది. బదిలీ అయిన అబ్బాయి, సామాన్లు కట్టేసిన గదిలో, గోడ మీద తన ఎత్తు కొలిచి గీసిన పెన్సిల్ గీతలను చేత్తో తడుముతాడు. అక్కడ మాటలు లేవు, గాలి లేదు. ఇంట్లో తీసిన షాటు అది. తీసింది, "తీసెయ్యండి" అన్న మా మిత్రుడే.

తీసెయ్యలేదు. సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయనగరం వెళ్లిపోతున్నప్పుడు వాడి ఫోనులో ఒక కాపీ ఉంది, మా దగ్గర ఒకటి ఉంది. రెండో సినిమా మైదానంలో కాదు, నాలుగు గోడల మధ్య తియ్యాలని అనుకున్నాం. కథ వాడు అక్కడినుంచి రాసి పంపుతున్నాడు.

బదిలీ వచ్చినప్పుడు మన ఇళ్లలో పాత పుస్తకాలన్నీ తూకానికి వేసేస్తారు. మీరు మొదటిసారి రాసిన కథ, గీసిన బొమ్మ, కట్టిన పద్యం ఏదైనా ఆ కట్టలో ఉంటే, అట్టపెట్టె మూసేలోపు దాన్ని తీసి బట్టల మధ్య పెట్టుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. రెండోది చేసిన రోజున పక్కన పెట్టుకుని చూసుకుంటే చాలు.