లేసరుతో రబ్బరు ముద్రలు

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నర్సీపట్నము విశాఖపట్నము జిల్లానుండి విడివడి, క్రొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. లంబసింగి ఘాటు దాటిన పిమ్మట వచ్చు చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాకు పోయినది. పటములో గీత మారుటకు ఒక ఉత్తర్వు చాలును. కాని ప్రతి కార్యాలయపు బల్లమీదను ఒక రబ్బరు ముద్ర ఉండును. దానిలో జిల్లా పేరు ఉండును. ఆ ఒక్క మాట మారినచో ముద్రనే మార్చవలెను, రబ్బరుమీద కొట్టివేతలు సాగవు. ఇట్టి పని నేడు లేసరు యంత్రమునకు వచ్చుచున్నది.

పూర్వము సీసపు అక్షరములను కూర్చి, వానితో ఒక పలకలో పల్లపు అచ్చు తీసి, ఆ పల్లములలోనికి పచ్చి రబ్బరును నొక్కి వేడిలో బిగించెడివారు. గంధకము కలిసిన రబ్బరు వేడికి గట్టిపడి సాగుగుణమును నిలుపుకొనునని 1839లో అమెరికా దేశస్థుడు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనినాడు. అది లేనిదే ముద్రల పరిశ్రమయే లేదు. అయితే ఆ పద్ధతిలో అచ్చుశాలయందు ఏ పరిమాణపు తెలుగు అక్షరములు ఉన్నవో అవియే దిక్కు.

నేటి పద్ధతి దీనికి తలక్రిందులు. అక్షరమును పోతపోయుట కాదు, అక్షరము కానిదానినంతను కాల్చివేయుట. ఇందుకు వాడునది కార్బన్ డయాక్సైడు వాయువు నింపిన గొట్టమునుండి వెలువడు కిరణము. ఆ లేసరును 1964లో బెల్ ప్రయోగశాలలో రూపొందించినవాడు బారామతిలో జన్మించిన మన కుమార్ పటేల్. ఆ కిరణము కంటికి కానరాదు, కాని రబ్బరు దానిని చక్కగా పీల్చుకొనును. అద్దములచే మళ్ళింపబడి, కటకముచే మిల్లీమీటరులో సుమారు పదవవంతు బిందువుగా కూర్చబడి, అది పలకమీద గీత ప్రక్క గీతగా అటునిటు పరుగిడును. రెండు మిల్లీమీటర్లకు కొంచెము మించిన మందముగల పలకలో అది త్రవ్వు లోతు ఒక మిల్లీమీటరు లోపే.

బొమ్మను అద్దములో కనబడునట్లు కుడియెడమలు మార్చి ఇయ్యవలెనని అందరికిని తెలియును. అంతగా తెలియనిది అక్షరపు గోడల సంగతి. గోడ నిట్టనిలువుగా ఉన్న యెడల, చేతి ఒత్తిడికి సన్నని గీత ప్రక్కకు ఒరిగి మసక ముద్ర పడును. కనుక చెరువుగట్టువలె పైన సన్నముగాను అడుగున వెడల్పుగాను ఉండునట్లు యంత్రమునకు ఆజ్ఞ ఇయ్యవలెను.

తెలుగునకు అసలు చిక్కు వత్తులలో ఉన్నది. ఇంగ్లీషు పెద్ద అక్షరములు ఒకే ఎత్తున వరుసగా నిలుచును. ‘నర్సీపట్నం’ అను ఒక్క పేరులోనే రెండు వత్తులు క్రిందికి దిగుచున్నవి, ఒక గుడిదీర్ఘము పైకి లేచుచున్నది. క్రింది వరుసలో ‘అనకాపల్లి’ వ్రాసినచో పై వరుస వత్తులు క్రింది గుడిని తాకును. ఇంగ్లీషు ముద్ర కొలతలోనే తెలుగును ఇరికించుట వలన ఈ కష్టము వచ్చుచున్నది. వరుసల నడుమ ఎడము పెంచుడు, లేదా ఒక వరుస తగ్గించుడు. అక్షరమును మాత్రము చిన్నది చేయవలదు. వత్తులోని చిన్న ఖాళీ సిరాతో నిండినచో ఆ పత్రముతో కొండదిగి వచ్చిన మనిషి మరల పోయి రావలసి వచ్చును.

ఇప్పుడు చిన్న లేసరు యంత్రములు ఇండ్లలోనికిని వచ్చుచున్నవి. లేసరు పనికై చేసిన రబ్బరునే వాడవలెను. పి.వి.సి. వంటి ప్లాస్టికును కాల్చినచో హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడును. అది ఊపిరితిత్తులకును యంత్రమునకును చెరుపు. మంచి రబ్బరు పొగను సైతము పంకాతో బయటికి పంపవలెను. మూత తెరచి కిరణమును నడుపరాదు. పని ముగిసిన పిదప పొడిని సబ్బునీటితో, మెత్తని కుంచెతో కడుగవలెను.

వేంగీ చాళుక్యుల రాగిరేకులను కూర్చెడి వలయమునకు వరాహ చిహ్నముగల ముద్ర ఉండెడిది. రేకును మార్చవలెనన్న వలయమును ఖండింపవలెను. రబ్బరు ముద్రకు ఆ బలము లేదు. కాగితముమీది ముద్రను ఫోటో తీసి, దానిని శుభ్రపరచి, లేసరుతో కొన్ని నిమిషములలో మరియొకటి చేయవచ్చును. దొంగపత్రమునకై ముద్ర చేయుటకు, దగ్గర ఉంచుకొనుటకు 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 341వ సెక్షను కఠిన శిక్షలు విధించుచున్నది. అయినను కార్యాలయపు ముద్రను కోరి వచ్చినవానిని ‘ఉత్తరము తెచ్చితివా?’ అని అడుగుటయే మేలైన కాపుదలయని మా యభిప్రాయము. చేసిన ప్రతి ముద్రనుండి ఒక అచ్చు తీసి, తేదీతోను తీసికొనినవారి సంతకముతోను దుకాణపు పుస్తకములో ఉంచవలెను. ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉన్న పాత ముద్రలు ఇంకను ఏ బల్ల సొరుగులోనైన మిగిలియున్నచో, వానిని పిల్లల ఆటకు ఇయ్యక, రబ్బరును అడ్డముగా ముక్కలు కోసి, ఆ సంగతి రిజిస్టరులో వ్రాసికొనవలెను.