పొత్తు, పంపకం, అదృష్టం: కర్నూలు–కడప వజ్రసీమ వర్తకపద్ధతుల వెలుగులో బేస్‌బాల్ కార్డుల ‘గ్రూప్ బ్రేక్’

వ్యాససంగ్రహం

కొందరు సేకర్తలు తలా కొంత సొమ్ము వేసుకొని, మూత విప్పని బేస్‌బాల్ కార్డుల పెట్టెను కొని, అందులో తమ అభిమాన జట్టు కార్డులను మాత్రమే తీసుకొనే పద్ధతికి అమెరికాలో ‘గ్రూప్ బ్రేక్’ అని పేరు. లోపల ఏముందో తెలియని సరకును పదిమంది కలిసి కొని పంచుకోవడం తెలుగువారికి కొత్త కాదు. 17వ శతాబ్దిలో దక్కను వజ్రపుగనుల దగ్గర బాలవర్తకులు పాటించిన పొత్తు, రాయలసీమలో నేటికీ నడుస్తున్న భాగపంపకాలు, చీటీపాటలు ఇందుకు నిదర్శనాలు. ఈ పద్ధతులలో అదృష్టానికి ఎంత చోటు ఉంది, పంపకం జరిపే వ్యక్తికి నష్టంలో పాలు ఉందా అన్న రెండు ప్రశ్నల ఆధారంగా గ్రూప్ బ్రేక్ స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: పొత్తు, పాలు, చీటీ, వజ్రవర్తకం, రామళ్లకోట, బేస్‌బాల్ కార్డులు, గ్రూప్ బ్రేక్.

1. ఉపోద్ఘాతం

వస్తుసేకరణ ఒంటరి వ్యసనంగా కనిపిస్తుంది గాని, దాని వెనుక ఎప్పుడూ ఒక సమూహం ఉంటుంది. ఒకరికి అక్కరలేనిది మరొకరికి అపురూపం కావడమే సేకరణకు మూలసూత్రం. ఈ సూత్రాన్ని వ్యాపారంగా మలచిన పద్ధతి గ్రూప్ బ్రేక్. అమెరికాలో పుట్టిన ఈ పద్ధతిని ఆ దేశపు పరిభాషలోనే వివరిస్తే తెలుగు పాఠకునికి అది వింత వినోదంగా మిగిలిపోతుంది. పొత్తు, పాలు, వాటా, వంతు, చీటీ అనే మాటల సహాయంతో పరిశీలిస్తే అందులోని న్యాయాన్యాయాలు కూడా తేటపడతాయి.

2. గ్రూప్ బ్రేక్ స్వరూపం

బేస్‌బాల్ ఆటగాళ్ళ చిత్రాలున్న కార్డులు తొలినాళ్ళలో సిగరెట్టు పెట్టెలతో పాటు వచ్చేవి. అమెరికన్ టొబాకో కంపెనీ 1909–1911 నడుమ వెలువరించిన కార్డులలో హోనస్ వాగ్నర్ కార్డు నేటికీ అత్యంత అపురూపమైనది. తరువాత చూయింగ్ గమ్ తయారీదారైన టాప్స్ సంస్థ ఈ రంగంలో ప్రధానస్థానం సంపాదించింది. 1952లో అది విడుదల చేసిన 407 కార్డుల శ్రేణిలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో వేలంలో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. పిల్లల ఆటవస్తువు పెట్టుబడిగా మారిన తీరుకు ఇది ఉదాహరణ.

నేటి పెట్టెలలో సాధారణ కార్డులతో పాటు ఆటగాని చేవ్రాలు ఉన్నవి, జెర్సీ ముక్క అతికించినవి, పరిమితసంఖ్యలో ముద్రించినవి అరుదుగా తగులుతాయి. ఇక్కడే సేకర్తకు చిక్కు వస్తుంది. మేజర్ లీగ్‌లో 30 జట్లు ఉన్నాయి. సిన్సినాటి రెడ్స్ జట్టును అభిమానించే వ్యక్తి ఒక పెట్టె మొత్తం కొంటే, అందులోని అధికభాగం కార్డులు తక్కిన 29 జట్లవే అవుతాయి. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ కార్డుల కోసం పొట్లాల మీద పొట్లాలు విప్పే కడప పిల్లవాని స్థితి కూడా ఇంతే.

ఈ చిక్కుకు పరిష్కారంగా, ‘బ్రేకర్’ అనే నిర్వాహకుడు పెట్టెను 30 పాళ్ళుగా అమ్ముతాడు. ఒక్కొక్క పాలుకు ఒక జట్టు. అందరి ఎదుట, ఎక్కువగా ప్రత్యక్షప్రసారంలో, పెట్టెను విప్పి ఏ జట్టు కార్డులను ఆ జట్టు పాలుదారునికి పంపుతాడు. ఇందులో ప్రధానంగా రెండు విధాలున్నాయి. మొదటిదానిలో పాలుదారు తన జట్టును తానే ఎన్నుకొంటాడు. యాంకీస్, డాడ్జర్స్ వంటి ప్రసిద్ధ జట్ల పాలుకు ధర ఎక్కువ, ఆదరణ తక్కువైన జట్లకు ధర తక్కువ. రెండవదానిలో అందరూ ఒకే ధర చెల్లిస్తారు. ఎవరికి ఏ జట్టు అన్నది చీటీ తీసినట్లు యాదృచ్ఛికంగా తేలుతుంది. రెండింటిలోనూ ఒక జట్టుకు విలువైన కార్డు ఒక్కటీ రాకపోవచ్చు. అప్పుడు ఆ పాలుదారు చెల్లించిన సొమ్ముకు నామమాత్రపు ఫలితమే దక్కుతుంది.

3. వజ్రసీమలో బాలవర్తకుల పొత్తు

లోపలి విలువ తెలియని వస్తువును కలిసి కొనే ఆచారానికి పాత సాక్ష్యం వజ్రవర్తకంలో లభిస్తుంది. కర్నూలు, కడప మండలాలు ప్రాచీనకాలం నుండి వజ్రాలకు ప్రసిద్ధం. కర్నూలు శిలాసముదాయంలో అడుగుపొరయైన బనగానపల్లె గులకశిల వజ్రాలకు ఆశ్రయమని భూగర్భశాస్త్రజ్ఞులు గుర్తించారు. కడప సమీపంలో పెన్నానది ఒడ్డునున్న చెన్నూరు, కర్నూలుకు దక్షిణాన ఉన్న రామళ్లకోట ఈ చరిత్రలో ముఖ్యస్థలాలు.

ఫ్రెంచి రత్నవర్తకుడు జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ 17వ శతాబ్ది మధ్యకాలంలో దక్కను గనులను సందర్శించాడు. అతని యాత్రాగ్రంథం 1676లో పారిస్‌లో వెలువడింది. అందులో అతడు వర్ణించిన ‘రావొల్కొండ’ గనిని కొందరు రామళ్లకోటగా గుర్తించగా, అది రాయచూరు అంతర్వేదిలోనిదనే అభిప్రాయం కూడా ఉంది. ఏ ఊరైనా, వర్ణితమైనది ఈ వజ్రసీమ వర్తకమర్యాదే.

ఆ ఊరి నడుమ ఒక పెద్దచెట్టు కింద పదేళ్ళ నుండి పదిహేను, పదహారేళ్ళ వయసున్న వర్తకుల పిల్లలు ప్రతి ఉదయం చేరేవారు. ఒకపక్క వజ్రాలు తూచే రాళ్ళ సంచి, మరొకపక్క నడుముకు కట్టిన వరహాల సంచి. ఎవరైనా వజ్రం తెస్తే దానిని మొదట వారిలో పెద్దవాని చేతికి ఇచ్చేవారు. అతడు చూసి పక్కవానికి అందించేవాడు. ఒక్క మాట కూడా లేకుండా అది చేతులు మారి తిరిగి అతని దగ్గరకు చేరేది. అప్పుడు అతడు బేరమాడేవాడు. ఎక్కువ ధరకు కొంటే ఆ నష్టం అతనిదే. సాయంత్రం పిల్లలు ఆనాడు కొన్న రాళ్ళన్నీ ఒకచోట చేర్చి, బరువు, కాంతి, తేటదనం ఆధారంగా వేరుచేసి, ఒక్కొక్కదానికి ధర నిర్ణయించేవారు. తమ దగ్గర ఉన్న రాళ్ళకు సరిజోడు వెదకే పెద్దవర్తకులకు వాటిని అమ్మేవారు. వచ్చిన లాభాన్ని పిల్లలంతా పంచుకొనేవారు. పెద్దవానికి తక్కినవారి కంటే నూటికి పావువంతు మాత్రమే ఎక్కువ.

ఈ వర్ణనలో గ్రూప్ బ్రేక్ అంగాలన్నీ ఉన్నాయి. విలువ నిశ్చయంగా తెలియని సరకు ఉంది, పలువురి సొమ్ము ఉంది, రకాలుగా వేరుచేయడం ఉంది, తన సంచిలో లోటును పూరించుకోదలచిన సేకర్త వంటి పెద్దవర్తకుడు ఉన్నాడు. వజ్రాల బరువుకు టావెర్నియర్ వాడిన ‘మంగెలిన్’ అనే మాట తెలుగు ‘మంజాళి’, తమిళ ‘మంజాడి’ రూపాలకు సంబంధించినదే కావడం భాషాపరిశోధకులు గమనించదగిన అంశం.

4. తెలుగు వ్యవహారంలో చీటీ స్థానం

అదృష్టాన్ని తెలుగు సమాజం పంపకాలలో పూర్తిగా తోసివేయలేదు. అయితే దానికి ఒక హద్దు గీసింది. అన్నదమ్ములు పొలం పంచుకొనేటప్పుడు పెద్దమనుషులు ముందుగా భాగాలను సరితూగేలా చేస్తారు. నల్లరేగడి తక్కువైనచోట విస్తీర్ణం పెంచుతారు, బావి ఉన్న భాగానికి మరొకచోట కోత పెడతారు. ఆ తరువాతే చీట్లు వేసి చిన్నపిల్లల చేత తీయిస్తారు. ఊళ్ళో కొందరు కలిసి పొట్టేలును కొని మాంసాన్ని పాళ్ళు వేసుకొనేటప్పుడు కూడా కండ, ఎముక, కాలేయం అన్ని కుప్పలలోనూ సమానంగా పడేలా చూస్తారు. అంటే, చీటీ పడేది సమానమైన భాగాల మీద. ఎవరికి ఏ భాగం వచ్చినా తగవు లేకుండా చేయడమే దాని పని.

చీటీపాటలో అదృష్టం పని మరొకటి. చీటీ తీసినా, పాట పాడినా తేలేది సొమ్ము ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్న వంతు మాత్రమే. ముందు ఎత్తినవారు కూడా చివరి వాయిదా వరకు కడుతూనే ఉండాలి. ఈ భేదాన్ని భారతీయ చట్టం కూడా గుర్తించింది. డ్రాలో గెలిచినవారు తరువాతి వాయిదాలు కట్టనక్కరలేని బహుమతి చీటీలను 1978 నాటి చట్టం నిషేధించగా, సాధారణ చీటీలను 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం నియమబద్ధం చేసింది.

గ్రూప్ బ్రేక్‌లో అదృష్టం నిర్ణయించేది భాగాన్ని కాదు, వంతును కాదు, ఫలితాన్నే. పాళ్ళు సరితూగేలా చేయడం అక్కడ సాధ్యం కాదు, ఎందుకంటే పెట్టె విప్పేవరకు ఏ పాలులో ఏముందో ఎవరికీ తెలియదు. జట్టును ఎన్నుకొనే పద్ధతిలో ధరల తేడా ఈ లోపాన్ని కొంత సవరిస్తుంది. యాదృచ్ఛిక పద్ధతిలో ఆ సవరణ కూడా లేదు. అభిమాన జట్టు కోసం వచ్చినవానికి అక్కరలేని జట్టు రావచ్చు. అప్పుడు సేకరణ అనే ప్రయోజనం తొలగి, పందెం మాత్రమే మిగులుతుంది.

5. విప్పేవాని పాలు

పాలుదారుల మధ్య సమానత కంటే కీలకమైన ప్రశ్న నిర్వాహకునికి సంబంధించినది. ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. పెట్టె ధర 18,000 రూపాయలు, 30 పాళ్ళు, సగటున పాలు ఒక్కింటికి 750 రూపాయలు అనుకొంటే, వసూలయ్యేది 22,500 రూపాయలు. పెట్టె మూత విప్పకముందే నిర్వాహకునికి 4,500 రూపాయలు, అంటే కొన్న ధర మీద నూటికి 25 వంతులు మిగిలాయి. లోపల అపురూపమైన కార్డు ఉన్నా లేకున్నా ఈ మొత్తం మారదు. పాళ్ళన్నీ అమ్ముడుపోయిన తరువాత అతనికి నష్టభయం లేదు.

చీటీ నిర్వాహకునికి కూడా ప్రతిఫలం ఉంటుంది. అయితే 1982 చట్టం దానిని నూటికి 5 వంతులకు పరిమితం చేసింది. 2019 సవరణ 7 వంతులకు పెంచింది. పైగా నిర్వాహకుడు ముందుగా హామీ జమ చేయాలి. చెట్టు కింది బాలనాయకుని స్థితి ఇంకా భిన్నం. అతనికి అదనంగా వచ్చేది నూటికి పావువంతు, ధర తప్పితే భరించవలసింది తన సంచి నుండే. పొత్తుకు పెద్దగా ఉండటమంటే నష్టానికి ముందు నిలబడటమని అక్కడి అర్థం.

మరొక భేదం జ్ఞానానికి సంబంధించినది. వజ్రాన్ని ప్రతి బాలుడూ చేతిలోకి తీసుకొని చూసేవాడు. చిన్నవయసులోనే వారికి రాళ్ళ విలువ క్షుణ్ణంగా తెలుసునని టావెర్నియర్ మెచ్చుకొన్నాడు. అక్కడ పొత్తు ఒక పాఠశాల కూడా. గ్రూప్ బ్రేక్ ప్రత్యక్షప్రసారంలో కార్డు అందరికీ కనిపిస్తుంది కాని, ఏ పాలుకు ఎంత ధర తగునో లెక్కగట్టే అనుభవం నిర్వాహకుని దగ్గరే ఎక్కువ.

6. తొలకరి వజ్రాల వేట

ఈ పోలిక గతానికే పరిమితం కాదు. ఏటా తొలకరి వానలకు పైమట్టి కొట్టుకుపోగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, పగిడిరాయి, పెరవలి ప్రాంతాల పొలాలలో వజ్రాల కోసం వెదకడానికి కుటుంబాలు, మిత్రబృందాలు దూరప్రాంతాల నుండి కూడా వస్తాయి. కూలిపనులు మాని రోజుల తరబడి వంగి వెదకినా అనేకులకు దక్కేది నడుమునొప్పి, దారిఖర్చుల అప్పు. దొరికినవారు రాయిని వ్యాపారికి చూపుతారు. కొంత నగదు, కొన్ని తులాల బంగారం ఇచ్చి కొన్నారని పత్రికలు రాస్తాయి. ఆ రాయి అసలు విలువ కొన్నవానికి తెలిసినంతగా అమ్మినవానికి తెలియదు. వెదకినవాని నష్టంలో వ్యాపారికి పాలు లేదు.

పెట్టె విప్పేవాడు, రాయి కొనేవాడు ఒకే తావులో నిలబడి ఉన్నారు. అదృష్టం పాలుదారులది, నిశ్చయమైన లాభం మధ్యవానిది. ఎవరో ఒకరికి గొప్ప కార్డు వచ్చిందన్న వార్త, ఎవరో ఒకరికి వజ్రం దొరికిందన్న వార్త తరువాతి గుంపును తెచ్చిపెడుతుంది. దొరకనివారి లెక్క వార్త కాదు.

7. ముగింపు

గ్రూప్ బ్రేక్‌ను జూదమని ఒక్కమాటలో తోసిపుచ్చడం సరికాదు. తన జట్టు కార్డులు మాత్రమే కోరే సేకర్తకు, జట్టును ఎన్నుకొని తగిన ధరకు పాలు కొనడం మొత్తం పెట్టె కొనడం కంటే మేలే. తక్కిన 29 జట్ల కార్డులు కోరినవారి చేతికి చేరతాయి. ఇది పొత్తులోని మంచి. అయితే యాదృచ్ఛిక పద్ధతిలోకి మారినప్పుడు, నిర్వాహకుని లాభానికి హద్దు లేనప్పుడు పొత్తు పేరు మాత్రమే మిగులుతుంది.

కలిసి కొనే ఏ పద్ధతినైనా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. చీటీ నిర్ణయిస్తున్నది వంతునా, సమానమైన భాగాన్నా, లేక ఫలితాన్నా? సరకు విలువ అందరికీ ఒకేలా తెలుసా? పంచేవానికి నష్టంలో పాలు ఉందా? భాగపంపకం, చీటీపాట, బాలవర్తకుల పొత్తు ఈ ప్రశ్నలకు తమతమ సమాధానాలు ఏనాడో చెప్పుకొన్నాయి. చేతిలోని ఫోనులోనే పెట్టెలు విప్పే కాలంలో కళాశాల విద్యార్థులకు ఆ సమాధానాలను వారి ఊరి మాటలలోనే గుర్తుచేయడం అధ్యాపకులు చేయదగిన పని.